తప్పును వినే చెవి

బడి మూసినా పాఠం ఆగకూడదని 2020లో ప్రపంచంలోని ప్రభుత్వాలు దాదాపు అన్నీ ఒకే నిర్ణయానికి వచ్చాయి. కరోనా వ్యాప్తి వల్ల ఆ ఏడాది ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో విద్యాసంస్థలు మూతపడ్డాయి. ఇళ్లకు పరిమితమైన విద్యార్థులు 150 కోట్ల పైమాటేనని యునెస్కో లెక్కగట్టింది. తెలుగు రాష్ట్రాల్లో మార్చి మూడో వారానికే బడులకు తాళాలు పడ్డాయి. పదో తరగతి పరీక్షలు రద్దుచేసి అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఛానల్ ద్వారా విద్యామృతం, విద్యావారధి పేర్లతో పాఠాలు వచ్చాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న మూడు నుంచి పదో తరగతి దాకా డిజిటల్ పాఠాలు యాదగిరి ఛానల్‌లోనూ టీశాట్‌లోనూ మొదలయ్యాయి. ఒకటి, రెండు తరగతులను ఆ ప్రణాళికలోకి తీసుకోలేదు. ప్రైవేటు బడులు జూమ్, గూగుల్ మీట్ వంటి వాటివైపు మళ్లాయి. వర్క్‌షీట్లు, హోంవర్కు వాట్సాప్ గ్రూపుల్లోకి చేరాయి.

ఈ మార్పును ఎక్కువగా సాంకేతిక సమస్యగానో పరిపాలన సమస్యగానో చర్చించారు. ఎన్ని ఇళ్లలో ఫోన్లున్నాయి, సిగ్నల్ ఎక్కడ అందుతుంది, సిలబస్ ఎంత తగ్గించాలి అన్నవే అప్పటి ప్రశ్నలు. వాటి అడుగున మరింత పాత ప్రశ్న ఒకటి ఉంది. గురువు ఎదుట లేనప్పుడు సాగేది విద్యేనా? దీనికి రెండు తేలిక జవాబులు ఉన్నాయి. గురు సన్నిధి లేని చదువు చదువే కాదన్నది ఒకటి. విద్య అంటే సమాచారం, అది ఏ దారిన చేరినా ఒకటేనన్నది రెండోది. మొదటిదాన్ని సంప్రదాయం పేరుతోనూ రెండోదాన్ని ఆధునికత పేరుతోనూ చెప్పడం పరిపాటి. అయితే సంప్రదాయ గ్రంథాలను దగ్గరగా చూస్తే వాటిలో మొదటి జవాబు కూడా అంత సూటిగా కనిపించదు. దూరవిద్య గురించి అవి చాలా ముందే ఆలోచించాయి.

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలోని సత్యకామ జాబాలుడి కథ ఇందుకు మంచి ఉదాహరణ. తండ్రి గోత్రం తెలియని ఆ కుర్రవాణ్ణి హారిద్రుమత గౌతముడు శిష్యుడిగా స్వీకరిస్తాడు. ఉపనయనం చేసి, బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పగించి అడవికి పంపుతాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని శిష్యుడు మాట ఇస్తాడు. ఆ ఏళ్లన్నీ గురువు అతని కంటికి కనిపించడు. తిరుగు ప్రయాణంలో ఒక ఎద్దు, అగ్ని, ఒక హంస, ఒక నీటిపక్షి వరుసగా అతనికి బ్రహ్మతత్త్వంలో ఒక్కో పాదం చొప్పున బోధిస్తాయి. పాఠం పూర్తయింది, గురువు నోట రాలేదు. ఆశ్రమానికి చేరిన శిష్యుణ్ణి చూడగానే గురువు అతని ముఖంలోని వెలుగును గుర్తించి, నీకు ఎవరు నేర్పారని అడుగుతాడు. మనుషులు కానివారు నేర్పారని శిష్యుడు నిజం చెప్పి, అయినా మీరే చెప్పాలని కోరతాడు. గురువు అదే పాఠాన్ని, ఏదీ తగ్గకుండా, మళ్లీ చెబుతాడు.

ఆ తర్వాతి కథలో సత్యకాముడే గురువు. శిష్యుడు ఉపకోసలుడు పన్నెండేళ్లు అగ్నులను సేవిస్తాడు. తోటివారికి చదువు ముగించి ఇళ్లకు పంపిన గురువు ఇతన్ని మాత్రం ఉంచేసి, పాఠం చెప్పకుండానే ప్రయాణమై వెళ్లిపోతాడు. గురుపత్ని అతని తరఫున మాట్లాడినా వినడు. దిగులుతో శిష్యుడు అన్నం మానేస్తాడు. అప్పుడు అతడు సేవించిన అగ్నులే జాలిపడి బోధిస్తాయి. కానీ చివరి మెట్టు దగ్గర ఆగి, మిగిలిన దారి ఆచార్యుడే చెబుతాడని అంటాయి. గురువు తిరిగి వచ్చి, అగ్నులు ఎంతవరకు చెప్పాయో అడిగి తెలుసుకుని, అక్కడి నుంచి అందుకుంటాడు.

ఈ రెండు కథలూ గురువు లేని కాలంలో కలిగిన జ్ఞానాన్ని తోసిపుచ్చవు. ఎద్దు చెప్పింది తప్పని గౌతముడు అనలేదు, అగ్నుల మాటను సత్యకాముడు కొట్టిపారేయలేదు. రెండుచోట్లా గురువు చేసింది ఒక్కటే: శిష్యుణ్ణి చూడడం, ఏం నేర్చుకున్నావని అడగడం, విని, అవసరమైనది చేర్చడం. చెప్పడమనే పనిని ఇతరులు చేయగలిగారు, వినే పని మాత్రం గురువుకే మిగిలింది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి ఆచార్యుణ్ణి ముందు వర్ణంగా, శిష్యుణ్ణి తర్వాతి వర్ణంగా, విద్యను వాటి కలయికగా భావించి, ప్రవచనాన్ని ఆ రెంటినీ కలిపే పనిగా చెబుతుంది. అంటే ప్రవచనం రెండు కొసలనూ తాకాలి. ఒక కొస మాత్రమే కదిలితే మాట బయటికి వస్తుంది, విద్య పుట్టదు.

వేదాధ్యయన పద్ధతి మొత్తం ఈ భావం మీదే నిలబడింది. తెలుగునాట ఎక్కువగా ఉన్నది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. ఇక్కడి పాఠశాలల్లో గురువు సంత చెబుతాడు: ఒక ముక్క తాను పలుకుతాడు, శిష్యులు రెండుసార్లు పలుకుతారు. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే స్వరాలు ఏ మాత్రం పక్కకు జరిగినా ఆపి మళ్లీ చెప్పిస్తాడు. సంహితతో మొదలై పదం, క్రమం, జట, ఘనం దాకా ఒకే వాక్యాన్ని రకరకాలుగా విడదీసి అల్లి వల్లె వేయిస్తారు. ఒక పద్ధతిలో దొర్లిన తప్పు మరో పద్ధతిలో బయటపడేలా ఏర్పాటు చేసిన కట్టుదిట్టం అది. యునెస్కో 2003లో ఈ వేదపఠన సంప్రదాయాన్ని మానవాళి మౌఖిక వారసత్వంలో మేటిగా గుర్తించింది. ఉచ్చారణ శాస్త్ర గ్రంథమైన పాణినీయ శిక్ష అధమ పాఠకులను పేర్కొంటూ రాగం తీసేవాణ్ణి, తొందరపడేవాణ్ణి, తల ఊపేవాణ్ణి, రాసినదాన్ని చూసి చదివేవాణ్ణి, అర్థం తెలియనివాణ్ణి, గొంతు పెగలనివాణ్ణి ఒకే వరుసలో పెట్టింది. పుస్తకం చూసి చదివేవాడు అందులో ఎందుకున్నాడన్నది ఆలోచించదగ్గ విషయం. పుస్తకం అతని స్వరాన్ని వినలేదు. అతడు తప్పు పలికినా పేజీ అలాగే ఉంటుంది.

తప్పు పలికినవాడికి తన తప్పు తెలియకపోవడం ఎంత ప్రమాదమో త్వష్ట కథ చెబుతుంది. తన కొడుకు విశ్వరూపుణ్ణి చంపిన ఇంద్రుడి మీద పగతో త్వష్ట యజ్ఞం చేసి, ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని కోరతాడు. స్వరం ఒక అక్షరం మీద పడాల్సింది మరో అక్షరం మీద పడడంతో అర్థం తిరగబడి, ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు పుడతాడు. త్వష్ట తాను సరిగ్గానే పలికానని నమ్మి ఉంటాడు. పక్కన ఆపే చెవి లేదు.

ఏకలవ్యుడి కథను దూరవిద్యకు సమర్థనగా చెప్పడం 2020లో బాగా వినిపించింది. ద్రోణుడు కాదన్నా మట్టిబొమ్మ ముందు నిలబడి అర్జునుణ్ణి మించిన విలుకాడయ్యాడు కదా, శ్రద్ధ ఉంటే గురువు దూరం అడ్డేమిటి అన్నది ఆ వాదం. ఇందులో ఒక ముఖ్యమైన తేడా జారిపోయింది. విలువిద్యలో తప్పును చూపేది గురి. బాణం గురికి తగిలిందో పక్కకు పోయిందో నిషాద బాలుడికి ద్రోణుడు చెప్పనక్కర్లేదు. మట్టిబొమ్మ మౌనంగా ఉన్నా ప్రతి బాణానికీ అడవి జవాబు చెప్పింది. వంట, ఈత, చేనేత, లెక్కల్లో కొంత భాగం ఇలాంటివే. పని తానే తన తప్పును బయటపెడుతుంది. అక్షరాలు నేర్చుకునే ఆరేళ్ల పిల్లకు అలాంటి గురి లేదు. టీవీలో టీచరు ఒక అక్షరం చూపి పలికితే ఆ పిల్ల మరొకటి అనుకుని పలుకుతుంది, తెరమీది టీచరు బాగుందంటూ ముందుకు పోతుంది. ఒత్తక్షరం వదిలేసినా, గుణింతం కలిపేసినా, వాక్యాన్ని అర్థం కాకుండా బట్టీపట్టినా ఆ పిల్లకు తెలిసే దారి లేదు.

గురువు సన్నిధి ఎక్కడ తప్పనిసరి అన్న ప్రశ్నకు దీన్నుంచి ఒక కొలత దొరుకుతుంది. నేర్చుకునేవాడి తప్పు అతనికే కనిపించే విద్యలో గురువు దూరంగా ఉండవచ్చు. తప్పు చేసేవాడికి కనిపించని విద్యలో మాత్రం వినే మనిషి ఒకరు ఉండితీరాలి. వేదపఠనం, చదవడం, మాట్లాడడం, తర్కించడం, ప్రవర్తన ఈ రెండో కోవలోకి వస్తాయి. సన్నిధి పవిత్రత అంతా ఈ అవసరంలోనే ఉందని చెప్పడం అతిశయోక్తి కావచ్చు. గురువు ఉనికిలోని ఆప్యాయత, భయం, అనుకరణ కూడా విద్యలో భాగాలే. కానీ తప్పును వినే చెవి లేకుండా మిగిలినవి నిలబడవు.

ఇతర మత సంప్రదాయాలు కూడా ఇదే చోటుకు వేరే దారుల్లో చేరాయి. ఇస్లాంలో హదీసులను గురువు నుంచి శిష్యుడికి అందించే విధానాలను పండితులు తరగతులుగా విడదీశారు. 13వ శతాబ్దిలో డమాస్కస్‌లో బోధించిన ఇబ్న్ అస్‌సలాహ్ తన గ్రంథంలో వాటిని ఎనిమిదిగా లెక్కించాడు. గురువు చెప్పగా స్వయంగా వినడం మొదటిది. శిష్యుడు చదువుతుంటే గురువు వినడం రెండోది. అనుమతిపత్రం, గ్రంథాన్ని చేతికివ్వడం, ఉత్తరం ద్వారా రాసి పంపడం వంటివి తర్వాత వస్తాయి. ఎవరి అనుమతీ లేకుండా దొరికిన రాతప్రతిని చదువుకోవడం చిట్టచివరిది. ఉత్తరం ద్వారా చదువు చెల్లుతుందని ఒప్పుకుంటూనే దాన్ని ఎదుట కూర్చుని విన్న చదువు కింద ఉంచిన ఈ వరుసలో మంచి వివేకం ఉంది. దూరాన్ని నిషేధించలేదు, దాని బరువు ఎంతో రాసిపెట్టారు.

బౌద్ధంలో గురువు శరీరం మీద మమకారాన్ని బుద్ధుడే వారించాడు. జబ్బుతో మంచానపడి, తనను చూడాలని తపించిన వక్కలి అనే భిక్షువుతో, ధర్మాన్ని చూసినవాడే తనను చూసినట్టని చెప్పాడు. మహాపరినిర్వాణానికి ముందు, తాను పోయాక ధర్మమూ, వినయమనే సంఘ నియమావళీ మీకు గురువులని అన్నాడు. ఇది విని బౌద్ధానికి సన్నిధి అక్కర్లేదనుకోవడం పొరపాటు. అదే వినయ నియమావళి కొత్తగా సంఘంలో చేరిన భిక్షువు, ఎంత సమర్థుడైనా, కనీసం ఐదేళ్లు ఒక ఆచార్యుడి ఆశ్రయంలో బతకాలని విధించింది. ముదిరినవాడికి ధర్మమే గురువు, లేతవాడికి మనిషి కావాలి. వయసుకూ అవసరానికీ ఉన్న ఈ సంబంధాన్ని 2020 నాటి ప్రణాళికలు తలకిందులు చేశాయి. డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులకు రెండువైపులా మాట్లాడుకునే ఆన్‌లైన్ క్లాసులు దక్కాయి, పై తరగతులకు టీవీ పాఠాలు దక్కాయి, ఒకటో తరగతి పిల్లలకు చాలాచోట్ల ఏమీ దక్కలేదు. పరీక్షల ఒత్తిడి పైతరగతులమీదే ఉన్నందువల్ల అలా జరిగింది. గురువు అవసరాన్ని బట్టి చూస్తే వరుస సరిగ్గా దీనికి ఎదురుగా ఉండాల్సింది.

గ్రీకు తత్త్వవేత్త ప్లేటో ఫీడ్రస్ సంవాదంలో సోక్రటీస్ చేత రాతమీద ఒక అభ్యంతరం చెప్పిస్తాడు. రాసిన మాటను ప్రశ్నిస్తే అది అన్నదే మళ్లీ అంటుంది, ఎవరితో మాట్లాడాలో ఎవరి దగ్గర ఊరుకోవాలో దానికి తెలియదు. రికార్డు చేసిన వీడియో పాఠానికి ఈ అభ్యంతరం అక్షరాలా వర్తిస్తుంది. 2001లో అమెరికన్ తత్త్వవేత్త హ్యూబర్ట్ డ్రైఫస్ ఇంటర్నెట్ గురించి రాసిన పుస్తకంలో మరో కోణం చూపాడు. నైపుణ్యం తొలి మెట్లు దూరం నుంచి నేర్వవచ్చు, పై మెట్లకు చేరాలంటే ఇతరుల ఎదుట పొరపాటుపడే సాహసం, దాని సిగ్గు, దాని ఆనందం శరీరంతో అనుభవించాలని అతని వాదం. మొదటి మాటకు బడిపిల్లల అనుభవం అడ్డుపడుతుంది. వారికి కష్టమైంది తొలి మెట్లే. సిగ్గు గురించి చెప్పింది మాత్రం నిజం. కెమెరా ఆపి, మ్యూట్‌లో కూర్చున్న పిల్లవాడికి తప్పు చెప్పి నాలుక కరుచుకునే అవకాశమే రాదు. అలాంటి క్లాసులో తప్పులు వినిపించవు. తప్పులు లేవని టీచరు అనుకోవచ్చు, తల్లిదండ్రులూ అనుకోవచ్చు.

దూరం ఉన్నా వినే ఏర్పాటు సాధ్యమేనని చెప్పే పాత ఉదంతం ఒకటుంది. 1937లో అమెరికాలోని షికాగోలో పోలియో వ్యాపించి బడులు తెరవడం ఆలస్యమైనప్పుడు రేడియోలో 15 నిమిషాల పాఠాలు ప్రసారం చేశారు. ఏ పాఠం ఎప్పుడో, ఏ ప్రశ్నలకు జవాబులు రాయాలో పత్రికలు ముందే అచ్చువేశాయి. ప్రశ్నలున్నవారు అడగడానికి టెలిఫోన్ ఏర్పాటు చేసి టీచర్లను కూర్చోబెట్టారు. ఆ ప్రయోగం కొన్ని వారాలే నడిచింది. అందులో రేడియో కంటే విలువైనది ఆ టెలిఫోనే.

జిడ్డు కృష్ణమూర్తి ఆలోచన ఈ చర్చలో వేరే దిక్కు నుంచి వస్తుంది. మదనపల్లెలో పుట్టి, ఆ పక్కనే రిషివ్యాలీ విద్యాలయానికి మూలపురుషుడైన ఆయన గురువు అధికారాన్ని జీవితమంతా తిరస్కరించాడు. ఉపాధ్యాయుడు, విద్యార్థి ఇద్దరూ కలిసి నేర్చుకునే సంబంధంలోనే విద్య ఉందన్నాడు. అలాంటివాడు 1978 సెప్టెంబరు నుంచి తన విద్యాసంస్థలకు పదిహేను రోజులకొక ఉత్తరం చొప్పున రాశాడు. ఉత్తరం దూరవిద్యే. అయితే అవి ప్రధానంగా బడుల్లో పిల్లల మధ్య బతికే పెద్దలను ఉద్దేశించినవి. ఆ బడులకు ఆయన ఏటా వెళ్లి ఎదుట కూర్చుని మాట్లాడేవాడు కూడా. అధికారం లేని సన్నిధి అన్నది ఆయన ఇచ్చిన భావన. గురువు పాదాల చుట్టూ పేరుకున్న ఆరాధనను తీసేసినా సన్నిధి అవసరం మిగిలే ఉంటుందని దాన్ని బట్టి తెలుస్తుంది.

ఇంతవరకు సన్నిధి పక్షాన చెప్పిన వాదాన్ని మహమ్మారి ఒక గట్టి చిక్కులో పడేసింది. శిక్షాశాస్త్రం ప్రకారం లోపలి వాయువు పైకి లేచి కంఠాన్ని, నోటిని తాకి ధ్వని అవుతుంది. గురువు శ్వాస శిష్యుడి చెవిని చేరడమే పాఠం. కరోనా వైరస్ ప్రయాణించింది కూడా ఆ శ్వాసలోనే. ఎదురెదురుగా కూర్చుని గట్టిగా పలకడం, వరుసగా కూర్చుని కలిసి వల్లె వేయడం విద్యకు ఎంత అనువో వ్యాధికీ అంతే అనువు. ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ ఉన్న పిల్లల విషయంలో విద్యాదానం, అహింస అన్న రెండు ధర్మాలు నేరుగా ఢీకొన్నాయి. కర్ణాటకలో 2020 ఆగస్టులో విద్యాగమ పేరిట టీచర్లే ఊళ్లలోకి వెళ్లి, గుడి అరుగుల మీద, చెట్ల కింద పిల్లలను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చదువు చెప్పారు. వైరస్ సోకిన వార్తలు రావడంతో అక్టోబరులో దాన్ని ఆపివేశారు. ఆ టీచర్లు చేసింది తప్పనడం న్యాయం కాదు, ఆపినవారిది తప్పనడం కూడా కాదు. ప్రాణానికీ పాఠానికీ పోటీ వచ్చినప్పుడు ప్రాణం ముందు. ఆ తర్వాత పాఠాన్ని ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు ధర్మశాస్త్రాల్లో ఒక జవాబు ఉంది, దాన్ని 2020లో ఎవరూ పెద్దగా తలచుకోలేదు. అది అనధ్యాయం. తెలుగు వైదికుల్లో చాలామంది అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం, గౌతమ ధర్మసూత్రం, మనుస్మృతి పాఠం ఆపాల్సిన సందర్భాలను వరుసగా చెబుతాయి. అమావాస్య, పౌర్ణమి, అకాల ఉరుములు, పెనుగాలి, ఊళ్లో శవం ఉండడం అందులో ఉన్నాయి. ఊళ్లో చావు జరిగితే ఆ శవం కదిలేదాకా వేదం చెప్పకూడదు. దీన్ని మైల నియమంగా మాత్రమే చూస్తే దాని లోతు అందదు. చుట్టూ మనుషులు పోతుంటే, ఏమీ జరగనట్టు పాఠం నడపకూడదన్న సంస్కారం కూడా అందులో ఉంది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ పడకల కోసం కుటుంబాలు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నప్పుడు, అవే ఇళ్లలో ఆన్‌లైన్ హాజరు, యూనిట్ టెస్టులు జరిగాయి. ఆ రోజుల్లో పాఠం ఆపడమే ధర్మమని ఆపస్తంబుడు చెప్పి ఉండేవాడనడంలో సందేహం అక్కర్లేదు.

అనధ్యాయం సోమరితనానికి లైసెన్సు కాదు. కొత్త పాఠం స్వీకరించడం వేరు, నేర్చుకున్నదాన్ని తనంతట తాను మననం చేయడం వేరు అని శాస్త్రం విడదీసింది. నిత్య స్వాధ్యాయానికి అనధ్యాయం లేదని మనువు అంటాడు. తైత్తిరీయ ఆరణ్యకం మరో అడుగు ముందుకేసి, స్వాధ్యాయ యజ్ఞానికి తాను శుచిగా లేకపోవడం, చోటు శుచిగా లేకపోవడం తప్ప మరో అడ్డులేదంటుంది. నిలబడో కూర్చునో పడుకునో, గొంతెత్తే వీలులేకపోతే మనసులోనో చేయమంటుంది. అంటే వినే గురువు అక్కర్లేని భాగాన్ని కొనసాగించి, అవసరమైన భాగాన్ని ఆపడం. దీన్ని నేటి బడికి అన్వయిస్తే, మూసిన నెలల్లో కొత్త సిలబస్‌ను పరుగెత్తించే బదులు, నేర్చిన అక్షరాలను, కథలను, ఎక్కాలను ఇంటి మనుషులతో కలిసి మననం చేయించడం ప్రధానమై ఉండాల్సింది. అమ్మమ్మ చెప్పే కథ వినడమూ అన్నయ్య చేత ఎక్కాలు ఒప్పజెప్పించుకోవడమూ చదువు కిందికే రావాలి. తప్పు వినే చెవి ఇంట్లోనే ఉన్న చోట దాన్ని వాడుకోవడం దూరపు తెర కంటే మేలు. చదవనూ రాయనూ రాని తల్లి కూడా కథ మధ్యలో తెగితే పట్టుకోగలదు.

చదువును ఆలోచనల వ్యవహారంగా మాత్రమే చూసేవారికి ఛాందోగ్యం ఆరో అధ్యాయం మరొకటి గుర్తుచేస్తుంది. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును 15 రోజులు అన్నం మాని నీళ్లు మాత్రం తాగమంటాడు. ఆ తర్వాత వేదం చెప్పమంటే ఒక్క ఋక్కూ ఒక్క సామమూ తోచదు. అన్నం తిన్నాక అన్నీ గుర్తొస్తాయి. మనసు అన్నమయమని తండ్రి అలా నేర్పుతాడు. బడి మూతపడితే ఆగింది పాఠం ఒక్కటే కాదు, మధ్యాహ్న భోజనం కూడా. ఇది తీవ్రమైన విషయమని సుప్రీంకోర్టు 2020 మార్చి 18న తనంతట తానే కేసు చేపట్టి రాష్ట్రాలను వివరణ కోరింది. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం, కోడిగుడ్లు, చిక్కీలు పిల్లల ఇళ్లకు అందించారు. వీడియో పాఠాలకు వచ్చిన ప్రచారం ఈ పనికి రాలేదు గానీ, ఉద్దాలకుడి లెక్కలో విద్యను నిలబెట్టిన పని ఇదే.

సన్నిధిని ఇంతగా మెచ్చుకునే సంప్రదాయం ఆ సన్నిధిని ఎవరికి ఇచ్చిందన్న ప్రశ్న తప్పించుకోలేనిది. బ్రహ్మసూత్రాల అపశూద్రాధికరణం, దాని భాష్యాలు వేదశ్రవణానికి శూద్రులను అనర్హులను చేశాయి. స్త్రీలకూ ఆ తలుపు మూసే ఉంచారు. ఏకలవ్యుడు దూరం నుంచి నేర్చుకోవడం అతని ఎంపిక కాదు. దగ్గరికి రానివ్వలేదు కాబట్టి దూరంగా నేర్చుకున్నాడు, నేర్చినందుకు బొటనవేలు ఇచ్చుకున్నాడు. ప్రభుత్వ బడి ఆ పాత గేటును తీసేసిన ఏర్పాటు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ టీచరు ఎదుట కూర్చునే హక్కునిచ్చింది. మహమ్మారి కాలంలో అర్హతను నిర్ణయించే అధికారం ఫోన్‌కు, డేటా రీచార్జికి పోయింది. 2020 సెప్టెంబరులో పిల్లల చదువు స్థితిపై జరిగిన అసర్ సర్వే ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో బడిలో నమోదైన పిల్లల్లో 61.8 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. 2018లో అది 36.5 శాతం. రెండేళ్లలో అంత పెరగడం గొప్పే, కానీ మిగిలిన పిల్లలు గేటు బయటే ఉండిపోయారు. ఫోన్ ఉన్న ఇళ్లలోనూ అది తరచు పనికి వెళ్లే తండ్రి జేబులో ఉండేది. 2021 ఆగస్టులో పేద కుటుంబాల్లో ఆర్థికవేత్తలు చేసిన మరో సర్వేలో గ్రామీణ పిల్లల్లో ఆన్‌లైన్‌లో క్రమంగా చదువుతున్నవారు 8 శాతం, అసలు చదవనివారు 37 శాతం అని తేలింది. అర్హతను బట్టి విద్య అన్న పాత సూత్రం, ఎవరూ కోరకుండానే, పేరు మార్చుకుని తిరిగివచ్చింది. దూరవిద్య మీద ఉన్న నైతిక అభ్యంతరాల్లో ఇది అన్నిటికంటే బరువైనది.

వినే చెవి లేని నెలల్లో ఏం జరిగిందో తర్వాతి కొలతలు చూపాయి. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2021 జనవరిలో ఐదు రాష్ట్రాల్లో 16,067 మంది పిల్లలను పరిశీలించగా, సగటున 92 శాతం మంది అంతకుముందు ఏడాది ఉన్న భాషా సామర్థ్యాల్లో కనీసం ఒకదాన్ని కోల్పోయారు. లెక్కల్లో అది 82 శాతం. రెండో తరగతి పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు దేశంలోని గ్రామాల్లో 2018లో 27.3 శాతం ఉంటే 2022లో 20.5 శాతానికి తగ్గారని అసర్ చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 22.6 నుంచి 10.3కి, తెలంగాణలో 18.1 నుంచి 5.2కి పడిపోయింది. తెలంగాణలో ప్రాథమిక తరగతులు 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు 1 దాకా తెరుచుకోలేదు. 2020లో ఒకటో తరగతిలో పేరు నమోదైన పిల్ల మొదటిసారి టీచరు ముందు కూర్చునేసరికి రిజిస్టరులో రెండో తరగతికి చేరింది.

బడి మళ్లీ తెరవడానికి కూడా వైదిక సంప్రదాయంలో ఒక పద్ధతి ఉంది. పుష్య మాసం ప్రాంతంలో ఉత్సర్జనంతో అధ్యయనాన్ని విడిచి, శ్రావణంలో ఉపాకర్మతో తిరిగి మొదలుపెట్టేవారు. విడిచిన చోటు ఎక్కడో అక్కడే అందుకోవాలన్న పట్టింపు దీనిలో లేదు. గురుశిష్యులు కలిసి కూర్చుని, వేదపు మొదళ్లను పలికి, ఋషులను తలచి తిరిగి ప్రారంభిస్తారు. ఎంతకాలం ఆగామో, ఆ కాలంలో ఏం జారిపోయిందో ఒప్పుకుని మొదలుపెట్టడం అది. సత్యకాముడు తిరిగొచ్చినప్పుడు గౌతముడు మొదట అతని ముఖం చూసి ప్రశ్న అడగడం కూడా ఇలాంటిదే. 2021లో తెరిచిన బడుల్లో ఎక్కువచోట్ల ఈ పని జరగలేదు. పిల్లలను వారి వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, ఆ తరగతి పుస్తకం మొదటి పాఠం తెరిచారు.

ఏడాది తర్వాత కొంత సవరణ వచ్చింది. 2022 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పిల్లలు ధారాళంగా చదవడం, సొంతంగా రాయడం, చతుర్విధ ప్రక్రియలు చేయడం దాని లక్ష్యాలు. ముందు ప్రతి పిల్లనూ విడిగా చదివించి, ఎక్కడ ఆగుతున్నారో నమోదు చేయడంతో ఆ పని ఆరంభమవుతుంది. ఐదో తరగతిలో ఉండి గుణింతాల దగ్గర తడబడే పిల్లకు గుణింతాలే చెప్పాలి, దానికి టీచరు ఆమె పక్కన కూర్చుని, ఆమె చదువుతుంటే వినాలి.